ఎళ్లమాస నాడు నేను చూడని మూడు స్తంభాలు

ఈమధ్య మా సెక్షన్ ఆఫీసులో కొత్తగా లైన్‌మన్లుగా చేరిన పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పమని నన్ను పిలిచారు. రిటైరైన మనిషి చేతికి మైకు ఇస్తే ఏం చెబుతాడు? గాలివానలో స్తంభమెక్కిన కథే చెబుతాడు. నేనూ అదే చెప్పాను. చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు, చాయ్ పోశారు. బస్సెక్కి ఇంటికొస్తుంటే నా మీద నాకే చిరాకు పుట్టింది. ఆ పిల్లలకు పనికొచ్చే సంగతి అది కాదు. పనికొచ్చేది ఇంకొకటి ఉంది. మా సెక్షన్‌లో పాతవాళ్లందరికీ తెలుసు, నా ఎదుట మాత్రం మర్యాదకు ఎవరూ ఎత్తరు. అందుకని నేనే రాస్తున్నాను బాబూ. చదివి నవ్వుకుంటే నవ్వుకోండి.

మాది హుమ్నాబాద్ వైపు, దుబల్గుండి సంతకు పోయే పల్లెల్లో ఒకటి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బజారులో ఉర్దూ కలిసిన మాట. నా సర్వీసు చివరి పదేళ్లూ సొంతూరి చుట్టుపక్కలే గడిచింది. సొంతూళ్లో నౌకరీ అంటే అందరూ కిస్మత్ అంటారు. కరెంటు పోయిన ప్రతిసారీ తిట్టాలనుకున్న ప్రతి చుట్టానికీ నీ ఫోన్ నంబరు తెలిసి ఉండటమే ఆ కిస్మత్.

సంగతి జరిగింది కరోనా తగ్గాక వచ్చిన ఒక చలికాలంలో, ఎళ్లమాస నాడు. తెలియని వాళ్లకు చెబుతాను. పుష్యానికి ముందొచ్చే ఆ అమావాస్య మా బీదరు రైతులకు ఉగాది కంటే పెద్దది. ఆ రోజు ఊళ్లో పిల్లి కూడా ఉండదు. అందరూ చేన్లలోనే. జొన్నచొప్పతో చిన్న గుడిసె కట్టి, అందులో ఐదు రాళ్లు నిలిపి, సున్నం పూసి, పాండవులని మొక్కుతారు. సజ్జరొట్టెలు, పచ్చి కాయగూరలన్నీ కలిపి వండిన భజ్జి, కుండల్లో పులిసిన అంబలి. చేను చుట్టూ అంబలి చల్లుతూ 'ఓలిగ్యా, ఓలిగ్యా' అని కేకలేస్తారు. ఆపైన ఒక కట్టుబాటు ఉంది. ఆ రోజు గట్టు మీద పోయే మనిషి ఎవరైనా సరే పిలిచి పెట్టాలి, ఆ మనిషి తినాలి. తినకుండా పోతే పంటకు కీడు. శత్రువైనా తినాల్సిందే.

ఆ ఏడు నేను కావాలని పండుగ డ్యూటీ వేయించుకున్నాను. మిగతావాళ్లు సంబరపడ్డారు, 'అన్నది పెద్దమనసు' అన్నారు. పెద్దమనసు లేదు, పాడు లేదు. మా ఐదు రాళ్లు ఉన్న చేను పంపకాల్లో తమ్ముడి వాటాకు పోయింది. తమ్ముడితో నాకు రెండేళ్లుగా మాటల్లేవు. డ్యూటీ ఉందంటే ఆ చేనుకు పోనక్కర్లేదు, ఎందుకు రాలేదని అడిగేవాడూ ఉండడు.

తెల్లవారగానే సబ్‌స్టేషన్ నుంచి ఆపరేటర్ ఫోను. ఆయన నాకంటే పెద్దవాడు, ముప్పై ఏళ్ల దోస్తీ.

"క్యా భాయ్, పండుగ ముబారక్. కొసఊరి లైన్‌ల కరెంటు పోయింది. ఒక్కసారి చార్జ్ చేసి చూసిన, నిలుస్తలేదు. నడువాలె నువ్వు."

చార్జ్ చేయడమంటే తీగలోకి కరెంటు వదిలి చూడటం. నిలవలేదంటే దారిలో ఎక్కడో తీగ తెగి ఉండాలి, కొమ్మ పడి ఉండాలి, తీగను మోసే పింగాణీ గిన్నె పగిలి ఉండాలి. ఎక్కడన్నది ఎవరికీ తెలియదు. లైన్‌మన్ మొదటి స్తంభం దగ్గర తల పైకెత్తి, కొస దాకా ఒక్కొక్క స్తంభం చూసుకుంటూ నడవాలి. కొసఊరంటే ఆ లైను చివరనున్న ఊరు. ఆ లైనుకు రోడ్డు లేదు. చేన్లకు అడ్డం పడి పోతుంది. బండి బాటలు, మేకల బాటలు, గట్లు, వాగులు. ఎక్కడా రాయి లేదు, బోర్డు లేదు. నడిచి చివరికి 'అంతా చూసిన, వదులు' అని లైన్‌మన్ చెబితేనే ఆపరేటర్ మళ్లీ కరెంటు వదులుతాడు. ఆయన లైన్ చూడడు, నా నోటి మాటను చూస్తాడు. మా పనిలో దేవుడి గది ఏదైనా ఉంటే అదే.

చలి గట్టిగా ఉంది. మంచుకు జొన్న ఆకులు తడిసి, మోకాళ్ల దాకా ప్యాంటు నానిపోయింది. మొదటి చేను దాటకముందే రెండో ఫోను వచ్చింది. కొసఊరి దర్జీ పెద్దాయన కోడలు. ఆ పెద్దాయన నా ఖాకీ బట్టలన్నీ కుట్టిన మనిషి. కొలతలు తీసుకోకుండా నా పొట్ట చూసి, 'ఈ ఏడు రెండు ఇంచులు పెరిగినవ్ పో' అనేవాడు. కరోనా వచ్చి బతికాడు గానీ ఊపిరితిత్తులు పోయాయి. ఇంట్లో కరెంటుతో నడిచే ఆక్సిజన్ మిషన్ పెట్టుకుని, ముక్కులో గొట్టంతో కూర్చునే గుండీలు కుట్టేవాడు. కొడుకు లారీ మీద ఎక్కడో తిరుగుతుంటాడు. ఇంట్లో కోడలొక్కతే. జహీరాబాద్ దిక్కు పిల్ల.

"అన్నా, మామ మిషన్ బందైంది. చిన్న సిలిండర్ పెట్టిన. పగటాల్ల పన్నెండు దాకనే వస్తదంట. అప్పటికి కరెంటొస్తదా అన్నా?"

"వస్తదమ్మా. నేనే నడుస్తున్న. నువ్వేం రంది పడకు" అన్నాను.

నిజంగానే నడిచాను. ఆ మాట మాత్రం చెప్పుకోవాలి. ప్రతి స్తంభం కిందా ఆగాను. కానీ ఎళ్లమాస నాడు ఆగితే ఏమవుతుందో మీకిప్పుడు తెలుసు కదా. మొదటి చేనులోనే ఒక ఆడమనిషి అడ్డం వచ్చింది.

"ఏందన్నా, డ్యూటీ డ్యూటీ అంటవ్. తింటె కరెంటు రానంటదా? కూసో. ఇంత అంబలి తాగి పో."

"అక్కా, అక్కడ మనిషికి ఊపిరాడుతలేదు..."

"ఆడనీయ్. తాగుకుంట నడువు!" అని చెంబు చేతిలో పెట్టి, రెండు రొట్టెల్లో భజ్జి చుట్టి నా సంచిలో కుక్కింది. ఏ చేనులోనూ కూర్చోలేదు. నిలబడి ఒక బుక్క తిని, చెంబెడు తాగి కదిలేవాణ్ణి. నాలుగో చేను దాటేసరికి పొట్టలో అంబలి డబడబమంటోంది. ఆపరేటర్ మధ్యలో ఫోన్ చేసి, "లైన్ చూస్తున్నవా, దావతులు చూస్తున్నవా?" అని ఎకసెక్కం ఆడాడు. మనసు తేలిగ్గానే ఉంది. కుసుమ పూల మీద ఎండ పడుతోంది, శనగ చేన్లలో పిల్లలు పచ్చికాయలు తెంపుకు తింటున్నారు. పండుగ నాడు నేనొక్కణ్ణే పని చేస్తున్నానన్న గీర కూడా కొంచెం ఉంది.

అట్లా నడుస్తూ నడుస్తూ తమ్ముడి చేను సరిహద్దుకొచ్చి ఆగిపోయాను.

మా లైన్‌లో మూడు స్తంభాలు ఆ చేనులో ఉన్నాయి. ఎదురుగా నిలువెత్తు జొన్న. అవతల ఎక్కడో మనుషుల గొంతులు. ఈ గట్టు దాటితే మరదలు చూస్తుంది, 'బావా, రా' అంటుంది, తమ్ముడు ఆకు వేస్తాడు, నేను తినాలి. తినకపోతే పంటకు కీడు. తింటే నా రోషానికి కీడు. ఎన్ని ఇళ్ల ముందు ఎన్నిసార్లు అన్నానో, 'వాని చేతి నీళ్లు ముట్టను' అని!

ఎడమ పక్కన మేకల బాట ఒకటి వాగులోకి దిగుతుంది. చిన్నప్పుడు ఆ బాటనే బడి ఎగ్గొట్టి పోయేవాళ్లం, నేనూ వాడూ. దిగాను. ముళ్లకంపలు తప్పించుకుంటూ, ఎర్రమట్టి దిబ్బ ఎక్కి, చేనుకు అవతలి వైపు తేలాను. దిబ్బ మీద నుంచి తలతిప్పి చూస్తే మూడు స్తంభాల తలలూ నిటారుగా కనిపించాయి. స్తంభాలు నిలబడే ఉన్నాయి కదా, ఇంకేముంది అనుకున్నాను. కింద తీగ ఎట్లా ఉందో జొన్న అడ్డముండి కనబడదు. కనబడదని నాకు తెలుసు. ముప్పై ఏళ్ల సర్వీసు వాడికి తెలియక కాదు.

అక్కడ్నుంచి కొస దాకా మళ్లీ నిష్ఠగా చూశాను. ఎక్కడా ఏమీ లేదు. చివరి స్తంభం దగ్గరకు చేరేసరికి సూర్యుడు నడినెత్తికొచ్చాడు. అప్పుడే కోడలు మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి గొంతు వేరుగా ఉంది.

"అన్నా, సిలిండర్ ముల్లు ఎర్రగీత కాడికొచ్చింది. పక్కింటోళ్ల జీపున్నది. బీదరుకు తీస్కపోవాల్నా, ఆగాల్నా? నువ్వు ఒక్క మాట చెప్పన్నా, నువ్వు చెప్పినట్టు చేస్త."

"ఆగమ్మా. లైన్ అంత చూసిన. ఇప్పుడే కరెంటు ఇప్పిస్త" అన్నాను.

ఆ మాట ఎట్లా వచ్చిందో నోట్లోంచి! అబద్ధమాడుతున్నానని కూడా అనిపించలేదు. ఆ మూడు స్తంభాలు నా లెక్కలో చూసినవాటిలోనే కలిసిపోయాయి. వెంటనే ఆపరేటర్‌కు ఫోన్ కొట్టాను.

"అంతా చూసినవా భాయ్? పక్కా?"

"పక్కా. వదులు."

ధన్‌మని చప్పుడు. వెనక్కి తిరిగి చూస్తే దిబ్బ అవతల, తమ్ముడి చేను మీద, తెల్లటి పొగ లేచింది. ఆడవాళ్ల కేకలు వినబడ్డాయి. "బంద్ చెయ్! మళ్ల ముట్టకు!" అని ఫోన్‌లో అరుస్తూనే పరుగెత్తాను. ఈసారి మేకల బాట పట్టలేదు. అడ్డంగా, జొన్నలో పడి, మొహానికి ఆకులు కోసుకుంటుంటే పరుగెత్తాను. దేవుడా, వాడికేం కాకూడదు, పిల్లలకేం కాకూడదు అని పైకే అంటున్నాను.

నడిమి స్తంభం దగ్గర మూడు తీగల్లో ఒకటి తెగి నేల మీద పడి ఉంది. చుట్టూ జొన్న మాడి పొగలొస్తోంది. దానికి దూరంగా తమ్ముడు చేతిలో ఎండు కర్రతో నిలబడి ఉన్నాడు. వాడి వెనక, ఇంకా దూరంలో, మరదలూ పిల్లలూ చుట్టాలూ, ఎద్దుల బండితో సహా. ఎవరికీ ఏమీ కాలేదు. నేను మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వగరుస్తూ నిలబడ్డాను.

వాడే ముందు మాట్లాడాడు. రెండేళ్ల తర్వాత.

"పొద్దుగాల మేమొచ్చేటాల్లకే తెగి పడున్నది. నీకు చేస్తనే ఉన్న. ఒక్క రింగన్న పోతలేదు. ఆఫీసుకు చేస్తె ఎత్తెటోడు లేడు."

రింగు పోదు. వాడి నంబరు నేనే బ్లాక్ చేసి పెట్టుకున్నాను.

"పక్క చేనాయన చెప్పిండు, మీ అన్న లైన్ పట్టుకొని వస్తుండు, మా చేన్ల అంబలి తాగి ఇటే మళ్లిండు అని. ఇగ వస్తడు తియ్యి అని పూజ గూడ ఆపి నిలబడ్డ. ఎవ్వరు దీని దిక్కు పోకుంట. మా అన్న చూడకుంట కరెంటు వదలనియ్యడు, భయం లేదు అని వీళ్లందరికి నేనే చెప్పిన."

కోపం లేదు ఆ గొంతులో. కోపముంటే బాగుండేది. ఆ చేనులో నిలబడి ఉన్నవాళ్లంతా నాకు వరసైన వాళ్లే.

ఆపరేటర్ కబురు చేస్తే మా ఇంజనీర్ మేడం జీపులో ఇద్దరు మనుషుల్ని, నిచ్చెననూ వేసుకుని వచ్చింది. మైసూరు వైపు అమ్మాయి. చిన్నదే అయినా పనిలో నిక్కచ్చి. కన్నడం తప్ప రాదు. తీగను చూసింది, మాడిన జొన్నను చూసింది, నన్ను చూసింది. తీగ కింద ఉండగా చార్జ్ ఎవరు చేయించారు అని అడిగింది. నేను నోరు తెరిచేలోపు తమ్ముడు ముందుకొచ్చాడు. కన్నడంలోనే చెప్పాడు, తీగ ఇప్పుడే తెగింది మేడం, అన్న చూసి పోయినంక తెగింది అని. చుట్టాలంతా తలలు ఊపారు. పొద్దుటి నుంచి దాన్ని కళ్లతో చూస్తున్నవాళ్లు!

అప్పుడే నా జేబులో ఫోను మోగింది. దర్జీ కోడలు. జీపు చప్పుడు మధ్య అరుస్తోంది.

"అన్నా, ఎక్కించినం. మామ పెదాలు నీలమైనయ్. కరెంటొచ్చి మళ్ల పోయింది, ఎందుకన్నా? అంత చూసిన అన్నవ్ గద!"

ఫోను కట్టయింది. నేను సత్యహరిశ్చంద్రుణ్ణి కాను. తమ్ముడి అబద్ధాన్ని కప్పుకుని హాయిగా ఇంటికి పోయే రకమే. కానీ ఆ గొంతు విన్నాక నిలబడలేకపోయాను. "కాదు మేడం, నేను ఈ చేనుకు రానే లేదు. చూడకుండానే చూశానని చెప్పాను" అని కన్నడంలో అన్నాను.

"యాకె?" అంది ఆమె. ఎందుకు?

ఇక్కడే, పిల్లలూ, నాకు చావొచ్చింది. ఎందుకంటే కారణం చెప్పాలి కదా. రెండేళ్లుగా నా గుండెలో పెద్ద బండలాగా మోసిన కారణం. ఎంతమందికి చెప్పుకుని బాధపడ్డానో లెక్కలేదు. దాన్ని ఆ మాడిన జొన్న వాసనలో పైకి చెప్పాలి.

"తమ్ముడి బిడ్డ పెండ్లి కార్డు మీద నా పేరు... వాని బామ్మర్ది పేరు కింద పడ్డది మేడం. అందుకు మాట్లాడతలేను. అందుకు రాలే."

కంగారులో తెలుగులో చెప్పాను. ఆమెకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాను, కన్నడంలో, ఒక్కొక్క మాటా. పేరు, కార్డు, కింద. నాకే వినబడుతోంది అది ఎంత చిన్న సంగతో. ఎవరూ నవ్వలేదు. నవ్వితే బతికిపోయేవాణ్ణి. మేడం నిచ్చెన దించండి అని మనుషులకు చెప్పి అటు తిరిగింది.

తీగ కలిపాం. తాడు లాగడానికి తమ్ముడే వచ్చాడు. ఈసారి మేడం స్వయంగా ఆ మూడు స్తంభాల కిందా నడిచి, తానే ఫోన్ చేసి కరెంటు వదలమంది. నా చేత చెప్పించలేదు. నిలిచింది. మనుషులు సామాను జీపులో వేస్తుంటే మరదలు వచ్చి, "కాళ్లు కడుక్కో బావా. పాండవులకు ఇంక నైవేద్యమే పెట్టలే" అంది. అందరితో పాటు కూర్చున్నాను. తమ్ముడు ఆకు వేశాడు. తిన్నాను. తల ఎత్తలేదు. ఆ భజ్జి ఎట్లా ఉందని ఇప్పుడు అడిగితే చెప్పలేను.

మెమో ఇచ్చారు, సంజాయిషీ రాయించుకున్నారు. అది నాకు తక్కువే. ఆపరేటర్ నెల రోజులు నాతో పనికి మించి ఒక్క మాట ఆడలేదు. ఒకరోజు మాత్రం, "నీ మాట మీద నేను మనుషుల్ని చంపేటోణ్ణి భాయ్" అని అటు తిరిగి రేడియో పెట్టుకున్నాడు.

పండుగైన మూడో రోజు బీదరులో దవాఖానకు పోయాను. పోకూడదనే అనుకున్నాను. మొహం ఎట్లా చూపించాలి? పెద్దాయన మంచం మీద ఒరిగి ఉన్నాడు, మొహానికి మాస్కు. అప్పటికే కథంతా ఆయన చెవిన పడింది. ఊరన్నాక ఆగుతుందా! నేను చేతులు జోడించి నిలబడితే, దగ్గరకు రమ్మని సైగ చేసి మాస్కు కొంచెం పక్కకు జరిపాడు.

"ఇంకింత ఆగితే... నా పేరు గూడ దినాల కార్డెక్కేది పో. అందరికన్న పైన."

అని నవ్వబోయి దగ్గులో పడ్డాడు. ఆయన నా మనసు తేలిక చేయడానికే అన్నాడు. కోడలు గబగబా మాస్కు సరిచేసి, దిండు ఎత్తి పెట్టింది. నావైపు చూడలేదు. నేను తెచ్చిన బత్తాయిలను మాత్రం తీసి కిందపెట్టింది. "అమ్మా, తప్పైపోయింది" అన్నాను. "మామ నిద్రపోవాలె అన్నా" అంది, అంతే.

ఆయన బతికాడు. ఇంటికొచ్చాడు, మళ్లీ మిషన్ పక్కన కూర్చుని గుండీలు కుట్టాడు. నేను రిటైరయ్యే దాకా ఆ లైన్‌లో ఏ స్తంభాన్నీ విడిచిపెట్టలేదు. దీన్ని గొప్పకు చెప్పడం లేదు. జీతం అందుకే ఇచ్చేవారు.

ఆ తర్వాత కూడా కొసఊరికి కరెంటు పోతూనే ఉండేది. ఊరంతా నాకు ఫోన్ చేసేది, ఒక్క దర్జీ కోడలు తప్ప. మిషన్ ఆగినా నాకు చేయలేదు. ఎవరికి చేస్తోందో చాలా రోజులు తెలియలేదు. ఒకనాడు తమ్ముడే చెప్పాడు, నాకు చేస్తది అన్నా అని.

"నువ్వేం చెప్తవు?" అన్నాను.

"లైన్ దిక్కు పోయి చూసొచ్చి చెప్త. మొదట్ల ఒకసారి, మా అన్న నడుస్తుండు తియ్యమ్మా, ఇగ వస్తది అని చెప్పిన. అప్పుడామె, మీ అన్న చెప్పింది నాకొద్దు, నువ్వు కండ్లార చూసినవా అని అడిగింది."